గోతిలో లేని రంగు

మా వీధిలో రోడ్డు చదునుగా మిగిలింది మా వదిన ఇంటి ముందు ఒక్కచోటే. తక్కినదంతా దున్ని వదిలేసిన చేనులా ఉంటుంది. వీధికి కొత్తగా వచ్చినవాళ్ళు ఆ కాస్త చదునూ చూసి, ఈ ఇంట్లో ఎవరో పెద్ద అధికారి ఉంటాడనుకుంటారు. బళ్ళు ఆపుకోవడానికి అక్కడికే వస్తారు. వదిన కిటికీలోంచి చూసి, "ఆపుకోండి నాయనా, ఆపుకోండి. మీకోసమే ఇన్నాళ్ళూ కాపలా కాశాను" అంటుంది. వాళ్ళకు అర్థం కాదు. నవ్వి తలూపుతారు.

వదినంటే మా ఆవిడకు అక్క. మా ఆవిడ పోయాక నేనొక్కణ్ణీ వండుకు తింటున్నానని తెలిసి, ఒకరోజు బండి తీసుకొచ్చి నా సామానంతా ఎక్కించింది. "నా ముందుగది ఊరికే ఉంది, మీరూ ఊరికే ఉన్నారు" అంది. అంతకు మించి ఓదార్పు మాట ఒక్కటీ చెప్పలేదు. అప్పటికే ఓదార్పులతో అలిసిపోయి ఉన్నానేమో, ఆ చెప్పకపోవడమే నాకు హాయిగా అనిపించింది.

ఆమెది బట్టలకు రంగులు వేసే పని. మా తోడల్లుడు మొదలుపెట్టాడు. ఆయన పోయాక ఆమె చేతికొచ్చింది. పెరట్లో పొయ్యిల మీద పెద్ద పెద్ద కాగులు, పక్కన జాడించడానికి సిమెంటు తొట్టి, ఆ మూల నుంచి ఈ మూలకు ఆరేసే తీగలు. వెలిసిన కర్టెన్లు, పాతబడ్డ కోట్లు వచ్చేవి. అన్నిటికన్నా ముఖ్యం ఆసుపత్రివాళ్ళ ఆకుపచ్చ గుడ్డలు. ఆపరేషన్ గదిలో వాడే ఆ గుడ్డలు ఉతికి ఉతికి తెల్లబడితే, మళ్ళీ పచ్చగా చేసివ్వాలి. ఇల్లు గడిచేది ఆ పచ్చతోనే.

"రంగు పట్టించడం ఎవరైనా చేస్తారు మరిదిగారూ. పట్టనిదాన్ని వదిలించడమే అసలు పని" అనేది వదిన. కాగులోంచి తీసిన గుడ్డను నీళ్ళు తేటగా వచ్చేదాకా జాడించాలి. ఆ పని నాకూ నేర్పింది. రోజంతా కూర్చుని గోడలు చూసేవాడికి పిండడానికి ఒక తడిగుడ్డ దొరకడం ఎంత మేలో అనుభవిస్తే గానీ తెలియదు.

జాడించడానికి మాత్రం నీళ్ళు కావాలి. పెరట్లో బోరు అడుగంటింది. వీధి చివర పంపు ఒక్కటే దిక్కు. ఊరి చివర కొత్త ట్యాంకు కడుతున్నారనీ, పూర్తయితే ఇంటింటికీ కుళాయి వస్తుందనీ చెబుతూ ఉండేవారు. కుళాయి వస్తే వదిన పని నిలుస్తుంది. రాకపోతే పోతుంది. ఆ సంగతి మా ఇద్దరికీ తెలుసు. ఆమె తమ్ముడికీ తెలుసు.

ఆ తమ్ముడు, అంటే నా బావమరిది, రోడ్ల ఆఫీసులో ఇంజినీరు. అతని చదువు ఆ కాగుల్లోంచే వచ్చింది. వదిన ఆ మాట ఎప్పుడూ అనదు, అతనూ మర్చిపోలేదు. ప్రతి ఆదివారం వచ్చి, అక్క చెప్పకముందే తీగల మీద గుడ్డలు తిరగేసేవాడు.

మా వీధి ఉన్నది రేగడి నేల మీద. వానాకాలంలో ఉబ్బుతుంది, ఎండాకాలంలో చెయ్యి దూరేంత నెర్రెలిస్తుంది. ఏటా దాని మీద కంకరా తారూ పొయ్యడం, ఏటా అది పగిలి మెలికలు తిరగడం. మా బావమరిదికి అది నచ్చేది కాదు. ఒక ఆదివారం సాసరులో మట్టిబెడ్డ పెట్టుకుని వచ్చి, దాని మీద చెంచాతో నీళ్ళు పోశాడు.

"చూడక్కా, ఎలా ఉబ్బుతోందో. ఇప్పుడు ఎండలో పెడితే ముడుచుకుపోతుంది. దీని మీద ఏ రోడ్డు నిలుస్తుంది చెప్పు?"

"నీళ్ళు తగిలితే ఉబ్బుతుంది, ఎండ తగిలితే ముడుచుకుంటుంది. అచ్చం నాన్నే" అంది వదిన.

"నవ్వకు. తడి చెడ్డది కాదు, ఎండా చెడ్డది కాదు. మారడమే చెడ్డది. తడిగా ఉన్నది తడిగానే ఉంటే, పొడిగా ఉన్నది పొడిగానే ఉంటే రోడ్డుకి ఏమీ కాదు."

"మనుషుల్నే ఉన్నచోట ఉన్నట్టు ఉంచలేం. మట్టినెలా ఉంచుతావురా?"

"కనబడని గోడ కడతాను" అన్నాడు.

అన్నట్టే కట్టాడు. రోడ్డుకు రెండు అంచుల వెంబడీ మనిషి ఛాతీ లోతున సన్నటి కందకం తవ్వించి, అందులో మందపాటి నల్ల ప్లాస్టిక్ షీటు నిలువుగా వేలాడదీశాడు. సున్నం కలిపిన మట్టితో కందకాన్ని పొరలు పొరలుగా దిమ్మిస కొట్టించి పూడ్పించాడు. పక్కనుంచి వాననీరు రోడ్డు కిందకు పోదు, రోడ్డు కింద చెమ్మ పక్కలకు రాదు. ఆ తర్వాతే పైన తారు వేశాడు. ఆఫీసులో అతనికి షీటు ఇంజినీరని పేరు పెట్టారట. "పెట్టుకోనీ బావా. రెండు వానలు, రెండు ఎండలు దాటితే ఊరంతా ఇదే వేస్తారు" అన్నాడు నాతో. పొద్దున్నే వచ్చి రోడ్డు మీద సన్నటి పొడుగుకర్ర పరిచి, కింద సందు కనబడుతుందేమోనని వంగి చూసుకునేవాడు, పసిపిల్ల నుదురు ముట్టుకుని జ్వరం చూసుకున్నట్టు. ఒక వాన, ఒక ఎండ దాటాయి. రోడ్డు పలకలా ఉంది. ఆ ఏడాది అతని ముఖంలో ఉన్న వెలుగు నేను మళ్ళీ చూడలేదు.

అప్పుడు ట్యాంకు పూర్తయింది.

నీళ్ళ గొట్టం ముందే రోడ్డు అంచు కింద, షీటుకు లోపలివైపు వేసి ఉంది. షీటు వేసేటప్పుడే ఇంటింటికీ ఒక చిన్న గొట్టం అందులోంచి దూర్చి, చుట్టూ రబ్బరు పట్టీ బిగించి పెట్టమని మా బావమరిది నీళ్ళ ఆఫీసువాళ్ళను బతిమాలాడు. మా పని తర్వాత చూసుకుంటామన్నారు. ఇప్పుడు కుళాయి కావాలంటే షీటును కొయ్యాలి. కోసినచోట గట్టి పట్టీ లేకపోతే నీళ్ళు ఊరుతూ రోడ్డు కింద చేరతాయి. చేరితే బయటకు పోవు, అడ్డంగా షీటు ఉంది కదా.

ఆదివారం రాకుండా మంగళవారం వచ్చాడు. గుడ్డలు తిరగెయ్యలేదు.

"అక్కా, పట్టీలకి రాశాను. వచ్చేదాకా నువ్వు కుళాయి తీసుకోకు."

"నేనొక్కదాన్ని ఆగితే నీ రోడ్డు ఆగుతుందా?"

"ఇంజినీరు అక్కే ఆగిందంటే అందరూ ఆగుతారు. నువ్వే తీసుకుంటే నేనెవరికీ చెప్పలేను."

వదిన తొట్టి వైపు చూసింది. అందులో పచ్చనీళ్ళు అడుగున నిలిచి ఉన్నాయి. "ఎన్నాళ్ళు?" అంది.

"కొన్నాళ్ళే."

"సరే. కొన్నాళ్ళేగా" అంది వదిన. అతను అడిగింది న్యాయంగానే ఉందనిపించింది నాకు.

వీధి ఆగలేదు. ఒక వారం ఆగింది, అంతే. కుళాయిలు పెట్టే అతన్ని అందరూ గునపం అంటారు. అసలు పేరు అతనికే గుర్తుండదు. భుజాన గునపం లేకుండా అతన్ని చూసినవాళ్ళు లేరు. రోడ్డు అంచున చిన్న గొయ్యి తీసి, షీటు కనబడగానే కొడవలితో సర్రున చీల్చి, గొట్టం దూర్చి, మట్టి కప్పి కాలితో తొక్కేవాడు. మొదట దర్జీ పెట్టించుకున్నాడు. దర్జీ పెట్టించుకున్నాడని ఎదురింటి టీచరమ్మ, టీచరమ్మ పెట్టించుకుందని పక్కవాళ్ళు. నీళ్ళు ఎవరికి వద్దు? వాళ్ళను తప్పుపట్టలేను. వాళ్ళింట్లోనూ పిల్లలున్నారు, పెద్దలున్నారు.

మా బావమరిది పై ఆఫీసరు దగ్గరకు పరిగెత్తాడు. ఆయన్ని మేము పెద్ద ఇంజినీరు అంటాం. "నీళ్ళు ఆపించిన పేరు నాకెందుకయ్యా? నీ షీటు అంత గొప్పదైతే ఒక చిల్లుకి ఏమవుతుంది?" అన్నాడట. పట్టీలు రాలేదు.

మా గుమ్మం ముందుకొచ్చి గునపం ఒకసారి అడిగాడు. "అమ్మా, మీకూ పెట్టేస్తాను. మీ తమ్ముడుగారికి తెలీకుండా పెడతాలే. మట్టి కప్పితే మా నాన్నక్కూడా తెలీదు."

"మాట ఇచ్చానురా" అంది వదిన.

"మాట తాగుతారా?"

"ఇవాళ్టికి అదే తాగుతున్నాను. పద, పద."

తోపుడుబండి మీద డ్రమ్ములు పెట్టుకుని వీధి చివర పంపు నుంచి మేమిద్దరం నీళ్ళు తెచ్చుకునేవాళ్ళం. కుళాయిలు వచ్చాక అక్కడ వరస ఉండేది కాదు. మేమే ఉండేవాళ్ళం. ఆ ఏకాంతం ఒక మేలే అనుకునేవాణ్ణి. వదినకు భుజం నొప్పి మొదలయింది. ఎంత తెచ్చినా జాడించడానికి చాలేది కాదు. చివరి నీళ్ళు తేటగా రాకుండానే గుడ్డ ఆరేసెయ్యాల్సి వచ్చేది. ఒకరోజు ఆసుపత్రి గుడ్డల గదిలో పనిచేసే పెద్దావిడ మూట తిరిగి తెచ్చింది.

"ఏమిటమ్మా ఇది, మా సర్జన్‌గారి మెడంతా పచ్చబడింది. లోపల రోగి ఆయన్ని చూసి జడుసుకున్నాట్ట."

వదిన నవ్వింది గానీ ముఖం కందిపోయింది. అంతకుముందెప్పుడూ ఆమె పని తిరిగి రాలేదు. ఆ మూటంతా మళ్ళీ జాడించాం. జాడించిన నీళ్ళను, ఎప్పటిలాగే, పెరటి వెనకున్న మురుగు చాంబరులోకి మోసుకెళ్ళి ఒంపాం. రోడ్డు వైపు ఒక్క చుక్క వెళ్ళనిచ్చేది కాదు వదిన. "మా వాడి రోడ్డు" అనేది.

రెండో వానాకాలం వచ్చింది. వచ్చినప్పుడు ఏమీ కాలేదు. తర్వాత దర్జీ ఇంటి ముందు తారు మెల్లగా పైకి లేచింది, కింద ఎవరో నిద్రలో పక్కకు తిరుగుతున్నట్టు. ఆ తర్వాత టీచరమ్మ ఇంటి ముందు. ఆ తర్వాత ఎక్కడెక్కడ కుళాయి ఉందో అక్కడల్లా. బడిపిల్లల వ్యాను ఒక దిబ్బ మీద ఎగిరిపడి ఇరుసు విరిగింది. పిల్లలకు దెబ్బలు తగల్లేదు, అదొక అదృష్టం. తల్లులకు మాత్రం కోపం వచ్చింది. కోపానికి ఒక మనిషి కావాలి. మా వదిన ఇంటి గోడకు కారిన ఎరుపూ నీలమూ పచ్చా ఎప్పటి నుంచో అందరికీ కనబడుతూనే ఉన్నాయి.

"రోజూ కాగులకి కాగులు ఒంపుతుంది. నేల ఉబ్బదా మరి?" అన్నది ఎవరో. మర్నాటికి వీధంతా అదే మాట. తమ కుళాయి కట్టేసి ఆ మాట అన్నవాళ్ళు ఒక్కరూ లేరు.

పెద్ద ఇంజినీరు వచ్చాడు. దర్జీ ఇంటి ముందు, అన్నిటికన్నా పెద్ద దిబ్బ ఉన్నచోట, గొయ్యి తవ్వించాడు. వీధంతా చుట్టూ చేరింది. గునపమే తవ్వాడు, ఇంకెవరికి చేతవుతుంది? తారు పెళ్ళ తీశాక నల్లమట్టి పిసికిన పిండిలా మెత్తగా పైకొచ్చింది. చీల్చిన షీటు అంచులు నాలుకల్లా వేలాడుతున్నాయి. దాని లోపల గొట్టం అతుకు దగ్గర నీళ్ళు ఊరుతున్నాయి. తేటగా ఉన్నాయి. తాగొచ్చు.

"ఇన్ని నీళ్ళు ఎక్కణ్ణుంచి వచ్చినట్టు?" అన్నాడు పెద్ద ఇంజినీరు, అతుకును చూస్తూనే.

గునపం గోతిలోంచి ఆకాశంకేసి చూడటం మొదలుపెట్టాడు.

"ఇంకెక్కణ్ణుంచండీ, ఆ రంగులావిడ పుణ్యమే" అన్నాడు దర్జీ.

"ఎక్కడ ఒంపుతుందావిడ?"

"ఎక్కడో అక్కడ ఒంపుతుంది కదండీ! నెత్తిన పెట్టుకోదుగా."

వదిన జనంలోంచి ముందుకొచ్చింది. గట్టిగా ఏమీ అనలేదు. "నా నీళ్ళకి రంగుంటుందండీ. ఈ గోతిలో రంగు లేదు. అందరూ చూస్తున్నారుగా" అంది.

"మట్టి పీల్చేసుకుని ఉంటుంది" అని పెద్ద ఇంజినీరు మా బావమరిది వైపు తిరిగాడు. "ఏమయ్యా, ఈ రోడ్డు నీది. నువ్వు చెప్పు. రంగునీళ్ళ వల్ల కావచ్చా?"

మా బావమరిది గోతిలోకి చూశాడు. అతుకు దగ్గర నీటిచుక్క పెద్దదై, జారి, మళ్ళీ పెద్దదవుతోంది. వదిన తమ్ముణ్ణి చూస్తోంది. బడిలో పిల్లవాడికి జవాబు తెలుసని తెలిసిన తల్లి చూసినట్టు, ఆతురత లేకుండా చూస్తోంది.

"కావచ్చు సార్" అన్నాడు.

నేను ఉండబట్టలేకపోయాను. "గోతిలో రంగు లేదు కదండీ. గొట్టం అతుకు కారడం మీకు కనబడుతూనే ఉంది కదా?"

"మీరెవరు?"

"ఆవిడ మరిదిని. ఆ ఇంట్లోనే ఉంటాను. వాడిన నీళ్ళు నేనే మోసి వెనక మురుగులో పోస్తాను."

"అయితే మీరు అలాగే అంటారు లెండి" అన్నాడాయన మర్యాదగా. "సొంత తమ్ముడే ఒప్పుకుంటుంటే ఇంకేం కావాలి?"

నేను ఆమెవాణ్ణి కాబట్టి నా మాట చెల్లలేదు. అతను ఆమెవాడు కాబట్టి అతని మాట చెల్లింది. జనం హమ్మయ్య అనుకుంటూ ఇళ్ళకు పోయారు. ఎవరి కుళాయి వాళ్ళకు దక్కింది. టీచరమ్మ మాత్రం రెండడుగులు వేసి ఆగి, వెనక్కి తిరిగి వదిన ముఖం చూసి, తలదించుకుని వెళ్ళింది. ఆ తలదించుకోవడాన్ని నేను మనసులో దాచుకున్నాను. అంతకన్నా దొరికింది లేదు ఆ రోజు.

సాయంత్రం మా బావమరిది పెరటి దారిన వచ్చాడు. ఎప్పుడూ వీధి గుమ్మంలోంచే వచ్చేవాడు. వదిన పొయ్యి బూడిద తీస్తోంది. తలెత్తలేదు.

"అక్కా, ఒక్కమాట విను."

"వింటున్నాను. చెవులకి రంగులేం వెయ్యలేదు."

"కుళాయిల వల్ల పోయిందని రాస్తే ఏమవుతుందో తెలుసా? జనం కుళాయి లేకుండా ఉండరు, కాబట్టి ఈ షీటు పద్ధతే పనికిరాదంటారు. ఇక ఎక్కడా వెయ్యనివ్వరు. మళ్ళీ కంకర, మళ్ళీ తారు, మళ్ళీ గోతులు. అదే రంగునీళ్ళ వల్ల అంటే... వీధి వీధికీ రంగుల పని ఉండదు కదా. ఇది ఇక్కడొక్కచోటే జరిగిన సంగతి అవుతుంది. పద్ధతి నిలుస్తుంది."

వదిన చేతిలో పార ఆగింది. "అంటే నేను అడ్డం పడుకుంటే నీ షీటు నిలబడుతుందన్నమాట."

"అలా అనకక్కా."

"ఎలా అనాలో చెప్పు. నువ్వు చదువుకున్నావు."

అతను నాకేసి చూశాడు. "బావా, నువ్వైనా చెప్పు. నేను అబద్ధం అనలేదు. కావచ్చన్నాను, అంతే."

"గోతిలో నీకు రంగు కనబడిందా?" అన్నాను.

"లేదు."

"మరి?"

"దర్జీని అంటే గొడవకొస్తాడు, టీచరమ్మని అంటే అర్జీ పెడుతుంది" అంది వదిన నా బదులు. "అక్కైతే ఏమీ చెయ్యదు. కదురా?"

అతను గుమ్మంలో చతికిలబడ్డాడు. అతన్ని ద్వేషించడం తేలికగా ఉంటుందనుకున్నాను గానీ, కాలేదు. చెప్పుల నిండా ఆ నల్లమట్టే. రెండేళ్ళుగా ఆ మట్టి తప్ప ఇంకో ఆలోచన లేదతనికి. ఆ రోడ్డును అంత ప్రేమించకుండా ఉంటే ఆ మాట అని ఉండేవాడు కాదు. అది తెలిసినా, లోపల చేదు చేదుగానే ఉంది.

వదిన లోపలికి వెళ్ళి కంచం పెట్టింది. "తినిపో. నీ మీద కోపం తిండి మీద చూపించను" అంది. అతను తిన్నాడు.

తర్వాతి వారం ఊరి ఆఫీసు నుంచి ఇద్దరు వచ్చి, ఈ వీధిలో రంగుల పని చెయ్యకూడదని చెప్పారు. మంచివాళ్ళే. కాగులు చల్లారేదాకా అరుగు మీద కూర్చున్నారు. వాళ్ళలో ఒకడు వెళ్ళేముందు గొంతు తగ్గించి, "అమ్మా, నాదొక వెలిసిన కోటుంది. ఇక మీరు చెయ్యరు కదూ?" అన్నాడు.

"నిన్న తేవాల్సింది నాయనా" అంది వదిన.

కాగుల్లో ఉన్నవి మాత్రం పూర్తి చేసుకోనిచ్చారు. ఆ చివరి మూటకు టీచరమ్మ తన కుళాయి నుంచి గొట్టం రోడ్డుకు అడ్డంగా వేసి నీళ్ళిచ్చింది. క్షమించమని అడగలేదు, గొట్టం కొస మాత్రం తెచ్చి నా చేతిలో పెట్టింది. ఇన్నాళ్ళ తర్వాత కావలసినన్ని నీళ్ళు. వదిన ఒక్కో గుడ్డనూ అక్కర్లేకపోయినా మూడుసార్లు జాడించింది. ఆ పచ్చ ఎంత బాగా వచ్చిందో చెప్పలేను.

ఆ మూట నేనే ఆసుపత్రికి తీసుకెళ్ళాను. గుడ్డల గదిలో పెద్దావిడ పైగుడ్డను వెలుతురుకు ఎత్తి చూసింది.

"ఇదీ పచ్చంటే. మళ్ళీ మూట ఎప్పుడు పంపమంటారు?"

జరిగింది చెప్పాను. ఆమె గుడ్డను మడత చెదరకుండా పెట్టి, "వేరేవాళ్ళకి ఇచ్చేస్తామని చెప్పకండి ఆవిడకి. వెలిసినవే కొన్నాళ్ళు వాడుకుంటున్నామని చెప్పండి" అంది. ఇంటికొచ్చి అలాగే చెప్పాను. వదిన నమ్మిందో లేదో తెలియదు, నన్ను రెట్టించలేదు.

పని పోయాక ఇల్లు చప్పబడింది. వదిన పొద్దున్నే లేచి కాగుల దగ్గరకు వెళ్ళి, ఏం చెయ్యాలో తోచక, వాటినే తోమేది. గునపం ఒకసారి వచ్చి తోపుడుబండి చక్రం బాగుచేసిపోయాడు. "ఇక బండెందుకురా?" అంటే, "ఊరికే అరుస్తోందమ్మా, వినలేక" అన్నాడు.

వానలు తగ్గాక ఒక ఆదివారం మా బావమరిది వీధి గుమ్మంలోంచి వచ్చాడు. చాలా రోజుల తర్వాత అతని నడకలో హుషారు కనబడింది.

"అక్కా, ఇంకో మూడు వీధులకి షీటు మంజూరైంది! ఈసారి ఇంటింటికీ గొట్టం, రబ్బరు పట్టీ, అన్నీ ముందే పెట్టాకే షీటు. నీళ్ళవాళ్ళు కూడా ఒప్పుకున్నారు. ఇక ఎవరూ కొయ్యక్కర్లేదు."

వదిన కాగు తోముతోంది. "మంచిది. ఆ వీధుల్లో నీకు అక్కలెవరూ లేరుగా?" అంది.

అతని హుషారంతా అక్కడే ఆగిపోయింది. కొంతసేపు తీగలకేసి చూస్తూ నిలబడ్డాడు. వాటి మీద తిరగెయ్యడానికి ఏమీ లేదు. తర్వాత సంచిలోంచి కొత్త రబ్బరు పట్టీ ఒకటి, రెండు ఇనుప బిగింపులు తీసి అరుగు మీద పెట్టాడు.

"నీకు కుళాయి పెట్టిస్తాను. నేనే దగ్గరుండి పెట్టిస్తాను. వద్దనకక్కా."

వదిన కాగు తోముతూనే ఉంది. గునపం వచ్చాడు. ఇంటి ముందు రోడ్డు అంచున గొయ్యి తీశాడు. ఈసారి కొడవలి తియ్యనివ్వలేదు మా బావమరిది. తనే గోతిలోకి దిగి, షీటుకు గుండ్రంగా రంధ్రం కోసి, గొట్టం దూర్చి, పట్టీ తొడిగి, లోపలొకటి బయటొకటి బిగింపులు వేసి, సున్నపు మట్టి పొరలు పొరలుగా తనే దిమ్మిస కొట్టాడు. వీధిలో సవ్యంగా పెట్టిన కుళాయి అదొక్కటే. "సార్ ఇలా అందరికీ పెట్టుంటే నాకు పనుండేది కాదండీ" అన్నాడు గునపం నా చెవిలో.

పెరట్లో, తొట్టి పక్కన, కుళాయి తిప్పారు. మొదట గాలి, తర్వాత ఎర్రటి తుప్పునీళ్ళు, తర్వాత తేటనీళ్ళు చేతి లావున పడ్డాయి. తొట్టి ఎంత వేగంగా నిండుతోందో చూస్తూ నిలబడిపోయాం.

"చూశారా అమ్మా ఫోర్సు!" అన్నాడు గునపం.

"బాగా వస్తున్నాయిరా" అంది వదిన తమ్ముడితో. అతని ముఖం విప్పారింది. "ఇన్ని నీళ్ళు ఏం చేసుకోను?" అంది ఆ వెంటనే, నిజంగానే అడుగుతున్నట్టు.

అతను జవాబు కోసం నా వైపు, కాగుల వైపు, మళ్ళీ నా వైపు చూశాడు. కాగులు బోర్లించి ఉన్నాయి.

వదిన కుళాయి కట్టేసింది. గట్టిగా బిగించి, దాని మూతి కింద అరచెయ్యి పట్టి, చాలాసేపు అలాగే వంగి ఉంది.

"కారడం లేదులే" అంది. "ఒక్క చుక్క కారినా మళ్ళీ నా పేరే చెబుతావు. ఇక వెళ్ళిరా."